బొమ్మ బాగుందా? సావిత్రి చిత్రాలూ, సామాన్య ప్రేక్షకుని తీర్పూ

సినిమా చూసి హాల్లోంచి బయటికి వచ్చేవారికి గుమ్మం దగ్గరే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "బొమ్మ బాగుందా?" జవాబు కూడా క్లుప్తంగానే వస్తుంది. "ఫరవాలేదు", "ఒకసారి చూడొచ్చు", "రెండో సగం సాగదీశాడు", "సావిత్రి ఏడిపించేసిందిరా బాబూ!" అంతే. పత్రికల్లో కాలాల కొద్దీ వచ్చే సమీక్షలు ఒక ఎత్తు, ఈ నాలుగు ముక్కలు ఒక ఎత్తు. మొదటి ఆట చూసినవాడు రెండో ఆటకు వెళ్ళేవాడితో అనే ఈ మాటే చిత్రం జాతకాన్ని తేలుస్తుందన్న సంగతి సినీరంగంలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ మాట అనేవాడు పండితుడు కాడు, విమర్శకుడు అంతకన్నా కాడు. ఆదివారం పూట ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చిన గుమాస్తా కావచ్చు. పొలం పని ముగించుకుని, పక్క ఊరి టూరింగ్ టాకీసుకు నడిచి వెళ్ళిన రైతు కావచ్చు. మ్యాట్నీకి ఇరుగుపొరుగులతో కలిసి బయల్దేరిన ఇల్లాలు కావచ్చు. పరీక్షలైపోయాయని హాస్టల్ నుంచి గుంపుగా వెళ్ళిన మనబోటి విద్యార్థులూ కావచ్చు. వీరికి ఒక నటి నచ్చడమంటే ఏమిటి? ఏం చూసి మెచ్చుకుంటారు? ఏం చూసి పెదవి విరుస్తారు? వారి తీర్పు ఎంతవరకు న్యాయం, ఎక్కడ అన్యాయం? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే తెలుగువాళ్ళకు సావిత్రికి మించిన ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఆమె చిత్రాల గురించి అభిప్రాయం లేని తెలుగు ఇల్లు బహుశా ఉండదు.

అభిమాని వేరు, ప్రేక్షకుడు వేరు

ముందుగా ఒక భేదం గమనించాలి. కథానాయకులకు అభిమానులుంటారు. అభిమాన సంఘాలుంటాయి, దండలుంటాయి, గోడల మీద రాతలుంటాయి. అభిమాని బొమ్మ బాగుందో లేదో చూసుకుని వెళ్ళడు. తన హీరో ఉన్నాడు కాబట్టి వెళతాడు. బాగా లేకపోయినా బాగుందనే చెబుతాడు, కావాలంటే వాదిస్తాడు, అవసరమైతే దెబ్బలాడతాడు కూడా. రామారావు చిత్రానికీ, నాగేశ్వరరావు చిత్రానికీ ఇలాంటి అండ ఉండేది.

కథానాయికకు ఆ అండ లేదు. సావిత్రి ఎంత గొప్ప నటి అయినా మొదటి రోజు మొదటి ఆటకు ఆమె కోసం కాగితం ముక్కలు ఎగరేసే గుంపు ఉండేది కాదు. ఆమెకున్నదల్లా పైన చెప్పిన మామూలు ప్రేక్షకులే. వాళ్ళు ఎవరి పక్షమూ కాదు. నచ్చితే నచ్చిందంటారు, లేకపోతే లేదంటారు. టికెట్టు డబ్బులు గిట్టాయా లేదా అన్నదే వారి లెక్క. ఈ లెక్కలో నెగ్గుకు రావడం అభిమానుల జేజేలతో నెగ్గుకు రావడం కన్నా కష్టం. అలా నెగ్గింది కాబట్టే సావిత్రి పేరు అంతకాలం నిలిచింది. ఆ ప్రేక్షకుడు మొహం తిప్పుకున్న రోజున ఆమెను కాచుకునేవాళ్ళు లేకపోవడానికీ కారణం ఇదే. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

"సావిత్రి బొమ్మ" అంటే

మన పెద్దవాళ్ళు సినిమాల గురించి మాట్లాడేటప్పుడు "అది సావిత్రి బొమ్మ" అంటుంటారు. దర్శకుడెవరో చాలామందికి గుర్తుండదు. కథ ఎవరిదో అంతకన్నా గుర్తుండదు. "సావిత్రి బొమ్మ" అన్నారంటే అందులో ఒక హామీ ఉంది. కథ ఎలా ఉన్నా మనిషి కనిపిస్తుంది, కుటుంబంతో కూర్చుని చూడొచ్చు, ఒకచోట నవ్వూ ఒకచోట ఏడుపూ గ్యారంటీ అని దాని అర్థం.

ఈ హామీ ఊరికే రాలేదు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన ఈ అమ్మాయి 1951లో వచ్చిన "పాతాళ భైరవి"లో ఒక నృత్యంలో మాత్రమే కనిపించింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో "దేవదాసు" వచ్చేసరికి పార్వతి అయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆ తర్వాత 1955 సంవత్సరం ఒక్కటి తీసుకుని చూడండి. జనవరిలో "మిస్సమ్మ"లో ముక్కు మీద కోపమున్న మేరీ. అదే నెలలో "అర్ధాంగి"లో అమాయకుడైన భర్తను మనిషిగా నిలబెట్టే భార్య. "కన్యాశుల్కం"లో గురజాడవారి మధురవాణి. "దొంగరాముడు"లో నాగేశ్వరరావు సరసన నాయిక. క్రైస్తవుల ఇంట పెరిగిన పిల్ల, సంసారి, వేశ్య, ప్రేయసి, అన్నీ ఒక్క ఏడాదిలోనే!

మామూలుగా ప్రేక్షకుడు ఒక నటిని ఒక మూసలో చూడటానికి అలవాటు పడతాడు. సూర్యకాంతం తెర మీదికి రాగానే గయ్యాళి అత్త అనుకుంటాడు, అంతవరకు తప్పు లేదు. సావిత్రి విషయంలో ఆ మూస కుదరలేదు. మధురవాణిగా చూసిన కళ్ళతోనే ఆ తర్వాత "తోడికోడళ్ళు"లో ఉమ్మడి కుటుంబపు కోడలిగా చూశారు, ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. నేల తరగతిలో కూర్చున్న మనిషి దీన్ని "పాత్రలో లీనమవడం" అని అనలేడు. "ఏ వేషమేసినా అతికినట్టుంటది" అంటాడు. చెప్పిన సంగతి మాత్రం రెండూ ఒకటే.

"ఏడిపించేసింది"

సావిత్రి గురించి అందరికన్నా ఎక్కువగా వినబడే మాట ఇది. పైకి చూస్తే చాలా మోటు కొలబద్ద. ఎన్ని చేతిరుమాళ్ళు తడిస్తే అంత గొప్ప నటా? అలా అయితే ఉల్లిపాయ కూడా గొప్ప నటే కదా అని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. కాస్త లోతుకు వెళ్ళి చూస్తే ఈ మాటలో ఒక పరీక్ష దాగి ఉంది. ప్రేక్షకుడు నమ్మనిదే ఏడవడు. తెర మీద ఉన్నది నటి అని తెలుసు, కన్నీళ్ళు గ్లిజరిన్‌వి కావచ్చునని తెలుసు, తాను డబ్బిచ్చి వచ్చానని తెలుసు. ఇన్ని తెలిసి కూడా ఏడ్చాడంటే అవన్నీ కాసేపు మరిచిపోయాడన్న మాట.

ఈ నమ్మకం ఎంత గట్టిదో రెండు జంటల చిత్రాలు చూస్తే తెలుస్తుంది. 1962లో "గుండమ్మ కథ" వచ్చింది. అందులో రామారావు, సావిత్రి భార్యాభర్తలు. అదే ఏడాది "రక్తసంబంధం" వచ్చింది. అందులో అదే రామారావు అన్న, అదే సావిత్రి చెల్లెలు! కొన్ని నెలల తేడాలో మొగుడూ పెళ్ళాలుగా చూసిన ఇద్దరిని అన్నాచెల్లెళ్ళుగా చూడమంటే ప్రేక్షకుడు ఏమనాలి? "ఇదేం చోద్యం" అనాలి. అనలేదు సరికదా, పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న ప్రతి ఆడపడుచూ ఆ బొమ్మ చూసి కన్నీరు పెట్టుకుంది. ఈ కథ తమిళంలో 1961లో వచ్చిన "పాశమలర్". అక్కడ అన్న శివాజీ గణేశన్, ఇక్కడ అన్న రామారావు. చెల్లెలు మాత్రం రెండుచోట్లా సావిత్రే.

రెండేళ్ళకు, 1964లో, ఇదే వింత నాగేశ్వరరావుతో జరిగింది. "మూగమనసులు"లో పడవవాడు గోపిగా నాగేశ్వరరావు, అమ్మాయిగారు రాధగా సావిత్రి, జన్మజన్మల ప్రేమ. అదే ఏడాది కోడూరి కౌసల్యాదేవి నవల "చక్రభ్రమణం" ఆధారంగా "డాక్టర్ చక్రవర్తి" వచ్చింది. అందులో ఆయనకు ఆమె మీద ఉన్నది చెల్లెలి మీది మమకారం. లోకం ఆ మమకారాన్ని అపార్థం చేసుకోవడమే కథ. ఒకవేళ ప్రేక్షకుడు వారిద్దరినీ పాత చిత్రాల ప్రేమికులుగానే చూస్తూ కూర్చుంటే కథ కూలిపోయేది; తానూ ఆ అపార్థం చేసుకునేవాళ్ళలో ఒకడైపోయేవాడు. అలా కాలేదు. రెండు చిత్రాలకూ దర్శకుడు ఆదుర్తి సుబ్బారావే కావడం విశేషం. జనం మీద ఆయనకు ఎంత నమ్మకమో చూడండి!

కాబట్టి "ఏడిపించేసింది" అన్న మాటను చిన్నచూపు చూడనక్కర లేదు. దాన్ని విప్పి చెబితే, "ఈమె ఎవరో నాకు తెలిసి కూడా, ఆమె చెప్పిన మనిషేనని నమ్మాను" అని అర్థం.

నవ్వుకూ ఆమే

ఏడుపు దగ్గరే ఆగిపోతే సావిత్రికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. "మిస్సమ్మ"లో మొదట మేరీ వేషం భానుమతికి అనుకున్నారు. ఆమె తప్పుకోవడంతో, రెండో నాయికగా ఉన్న సావిత్రి ఆ స్థానంలోకి వచ్చింది, రెండో నాయిక వేషం జమునకు వెళ్ళింది. ఆ చిత్రంలో మేరీ నవ్వదు. చిరాకుపడుతుంది, మూతి ముడుచుకుంటుంది, మాట మీద మాట అంటుంది. నవ్వేది మనం! ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి, ఆ అబద్ధం మోయలేక సతమతమయ్యే ఆ పిల్లను చూసి చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఒకేచోట నవ్వుతారు.

ఇక "మాయాబజార్". 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయావారు తీసిన ఈ చిత్రం గురించి కొత్తగా చెప్పేదేముంది అనవచ్చు. ఒక్క విషయం మాత్రం గమనించండి. అందులో సావిత్రి వేసినవి నిజానికి రెండు వేషాలు. ఒకటి శశిరేఖ, రెండోది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. చీర అదే, నగలు అవే, మొహం అదే. మారింది నడక, భుజాల విరుపు, చూసే చూపు. పక్కన ఎవరూ లేనప్పుడు రాక్షసుడి దర్జా, ఎవరైనా రాగానే దిద్దుకున్న సిగ్గు. ఈ తేడాను ఐదేళ్ళ పిల్లవాడు కూడా ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటాడు. "అదిగో, ఇప్పుడు ఘటోత్కచుడు!" అని అరుస్తాడు. నటన గురించి ఏ శాస్త్రమూ చదవని పిల్లవాడు ఒక్క చూపుతో కనిపెట్టగలిగేంత స్పష్టంగా చేయడమే అసలు కష్టం. 2010లో ఈ చిత్రానికి రంగులద్ది విడుదల చేసినప్పుడు తాతలూ మనవలూ కలిసి వెళ్ళారు. తాతలు తమ చిన్నతనాన్ని చూసుకోవడానికి వెళ్ళారనుకోండి, మరి మనవలు నవ్వింది దేనికి?

ఇక్కడ యస్వీ రంగారావు మాట కూడా చెప్పుకోవాలి. "మిస్సమ్మ"లో చివరకు ఆమెకు తండ్రిగా తేలేది ఆయనే. "మాయాబజార్"లో ఆమె రూపం ధరించేదీ ఆయనే. 1963లో వచ్చిన "నర్తనశాల"లో ద్రౌపదిగా ఉన్న ఆమెను వేధించే కీచకుడూ ఆయనే! తండ్రిగా గౌరవించిన మనిషినే కీచకుడిగా చూసి జనం పళ్ళు నూరారు. ఆయన చూపులోని క్రౌర్యానికి అది ఎంత సాక్ష్యమో, ఆమె కళ్ళలోని భయానికీ, రోషానికీ అంతే సాక్ష్యం.

"అందులో జమునే బాగా చేసింది"

మామూలు ప్రేక్షకుడిలో నాకు నచ్చే గుణం ఇది. అతనికి పక్షపాతం తక్కువ. "మూగమనసులు" చూసి వచ్చినవాళ్ళను అడిగితే "సావిత్రి సరే, గౌరిగా జమున కొట్టేసింది" అనేవాళ్ళు కోకొల్లలు. ఈ మాట ఒట్టి వీధి మాటగా పోలేదు. ఆ కథనే హిందీలో 1967లో "మిలన్" పేరుతో తీసినప్పుడు గౌరి వేషం జమునే వేసింది, దానికి సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతీ అందుకుంది. "గుండమ్మ కథ" అయితే చెప్పనే అక్కర లేదు. ఇద్దరు మహానటులు, ఇద్దరు నాయికలు ఉన్న ఆ చిత్రాన్ని "సూర్యకాంతం బొమ్మ" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అభిమాని అయితే ఇలా ఒప్పుకోడు. ప్రేక్షకుడికి ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు. అతను మెచ్చుకోలును ఎవరికి చెందాల్సింది వారికి పంచుతాడు. అందుకే అతను సావిత్రిని మెచ్చుకున్నప్పుడు ఆ మెచ్చుకోలుకు విలువ.

పెద్ద హీరోలు లేని చిత్రంలోనూ ఈ విలువ తెలుస్తుంది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన "చివరకు మిగిలేది"లో సావిత్రి మానసిక చికిత్సాలయంలో నర్సు. రోగికి నయం కావడం కోసం ప్రేమ నటిస్తూ, నటిస్తూ, చివరకు తానే మతి తప్పుతుంది. సుచిత్రాసేన్ నటించిన బెంగాలీ చిత్రం దీనికి మూలం. రామారావు లేడు, నాగేశ్వరరావు లేడు, పౌరాణిక వైభవం లేదు. అయినా ఆ బొమ్మ చూసినవాళ్ళు ఈనాటికీ మరిచిపోకుండా చెప్పేది ఆ నర్సు మొహమే.

తీర్పులో కనబడనివారు

ఇంత న్యాయంగా ఉండే తీర్పులో ఒక లోపం ఉంది. తెర మీద కనబడిన మొహానికే మొత్తం ఘనత కట్టబెట్టడం. "సావిత్రి పాట" అంటాం. పాడింది పి.లీలో, పి.సుశీలో అయి ఉంటారు. "సావిత్రి ఎంత బాగా అన్నదో" అంటాం. ఆ మాట రాసింది పింగళి నాగేంద్రరావో, చక్రపాణో, ముళ్ళపూడి వెంకటరమణో, ఆత్రేయో అయి ఉంటారు. "ఎంత అందంగా ఉంది" అంటాం. "మిస్సమ్మ"లో, "మాయాబజార్"లో ఆ మొహం మీద వెలుగునూ నీడనూ పొదుపుగా పరిచిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పేరు ఎందరికి తెలుసు?

ఇది ప్రేక్షకుడి తప్పని అనను. అతను వచ్చింది పేర్లు చదవడానికి కాదు. ఒక విధంగా అన్ని కళలనూ ఒక్క మొహంలోకి ఇముడ్చుకుని, గొంతు తనది కాకపోయినా తనదే అనిపించడం నటి గొప్పతనం కూడా. సుశీల పాటకు పెదవి కదిపినప్పుడు సావిత్రి మెడనరం కూడా కదులుతుందని మా లెక్చరర్ ఒకరు అనేవారు. ఆ మాట విన్నాక పాటలు మళ్ళీ చూశాను, నిజమే! ఊపిరి ఎక్కడ తీయాలో అక్కడే తీస్తుంది. చదువుకున్న మనం మాత్రం ఆ నలుగురి వాటానూ నలుగురికీ ఇచ్చి మాట్లాడటం అలవాటు చేసుకోవాలి.

"లావైపోయింది"

ఇప్పటిదాకా ప్రేక్షకుణ్ణి మెచ్చుకున్నాం. ఇక అతను తప్పిన చోటు.

అరవైల చివరికి వచ్చేసరికి సావిత్రి గురించి వినబడే మాట మారింది. "లావైపోయింది", "ఇప్పుడేం చూస్తాం", "తల్లి వేషాలేసుకోక!" ఇలా అన్నవాళ్ళే అంతకుముందు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు. నటన తగ్గిందని ఎవరూ అనలేదు, గమనించండి. మాట బొమ్మ మీద నుంచి మనిషి మీదికి, మనిషి మీద నుంచి ఒంటి మీదికి జారింది.

అదే సమయంలో ఆమె సరసన నటించిన నాయకుల సంగతేమిటి? రామారావు పుట్టింది 1923లో, నాగేశ్వరరావు 1924లో. ఇద్దరూ సావిత్రి కన్నా పదేళ్ళకు పైగా పెద్దవారు. 1971లో "ప్రేమనగర్"లో నాగేశ్వరరావు వాణిశ్రీ సరసన ప్రేమికుడు. 1977లో "అడవిరాముడు"లో యాభై దాటిన రామారావు జయప్రద, జయసుధల సరసన పాటలు పాడాడు. జనం ఈలలు వేశారు. వేయకూడదని కాదు. వారూ మహానటులే, ఆ చిత్రాలూ ఆడదగినవే. కానీ 1979లో "గోరింటాకు" వచ్చినప్పుడు కథానాయకుడు శోభన్‌బాబు ఇంచుమించు సావిత్రి ఈడువాడు. ఆయన నాయకుడు, ఆమెది తల్లి వేషం. ఇందులో వింత ఏమీ ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. మగవాడి వయసు తెర మీద ఆగిపోతుంది, ఆడదాని వయసు మాత్రం పరుగెడుతుంది. ఈ గడియారాన్ని నడిపేది నిర్మాతలే అంటాం. మరి నిర్మాత చెవి పెట్టి వినేది ఎవరి మాట? హాలు గుమ్మం దగ్గర మనం అనే ఆ నాలుగు ముక్కలనే.

నటిగా తలుపులు మూసుకుపోతున్న కాలంలో సావిత్రి దర్శకురాలిగా మరో తలుపు తట్టింది. 1968లో "చిన్నారి పాపలు" తీసింది. దానికి సంగీతం పి.లీల. ఆడవాళ్ళు తెర వెనుక కూడా నిలబడగలరని చూపే ప్రయత్నం అది. 1971లో "మూగమనసులు" కథను తమిళంలో "ప్రాప్తం" పేరుతో శివాజీ గణేశన్‌తో తీసింది. ఆ చిత్రాలు ఆమెకు డబ్బు తెచ్చిపెట్టలేదు సరికదా, ఉన్నది ఊడ్చుకుపోయాయి. బొమ్మ నచ్చకపోతే చూడకపోవడం ప్రేక్షకుడి హక్కు, దాన్ని తప్పు పట్టలేం. అయితే హీరోకు బొమ్మ పోయినా మరో బొమ్మ దాకా మోసే అభిమానులుంటారని మొదట్లో చెప్పుకున్నాం కదా. ఆమెకు అలా మోసేవాళ్ళు లేరు. చప్పట్లు కొట్టిన చేతులు ఎవరి పనిలోకి అవి వెళ్ళిపోయాయి.

ఏడాదిన్నరకు పైగా స్పృహ లేని స్థితిలో ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో సావిత్రి కన్నుమూసింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు కూడా లేవు.

"అయ్యో పాపం" అనే కొత్త తీర్పు

2018 మే నెలలో నాగ్ అశ్విన్ దర్శకత్వంలో "మహానటి" వచ్చింది. కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమనటి పురస్కారం తెచ్చిపెట్టిన ఆ చిత్రం వల్ల ఒక మంచి జరిగింది. సావిత్రి పేరు మాత్రమే విన్న తరం ఆమె పాత చిత్రాలను వెతుక్కుని చూసింది. మన హాస్టళ్ళలో సెల్‌ఫోన్ల మీద "మిస్సమ్మ" చూసినవాళ్ళున్నారు. ఇది చాలా సంతోషించదగిన విషయం.

దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. సావిత్రి అనగానే ఇప్పుడు చాలామంది మొదట మాట్లాడేది ఆమె పెళ్ళి గురించి, తాగుడు గురించి, పోయిన ఆస్తుల గురించి. "అయ్యో పాపం, ఎలా బతకాల్సిన మనిషి!" అంటారు. జాలి మంచి గుణమే. కానీ "లావైపోయింది" అన్న పాత మాటకూ "అయ్యో పాపం" అన్న కొత్త మాటకూ ఒక పోలిక ఉంది. రెండూ బొమ్మను వదిలేసి మనిషి మీద ఇచ్చే తీర్పులే. ఒకటి ఎగతాళి, ఒకటి జాలి, అంతే తేడా. రెండింటిలోనూ మేరీ లేదు, శశిరేఖ లేదు, "చివరకు మిగిలేది"లోని నర్సు లేదు. ఒక డాక్టరు గురించి చెప్పేటప్పుడు ఆయన ఎంతమందికి వైద్యం చేశాడో వదిలేసి ఇంట్లో గొడవల గురించే చెబితే ఎలా ఉంటుంది? నటికి మాత్రం అలా చెప్పడం మనకు తప్పనిపించదు.

మనం చేయగలిగింది

మిత్రులారా! ఈ వ్యాసం చదివి ఎవరూ సినీ విమర్శకులు కానక్కర లేదు. సరదాగా వెళ్ళి చూసి, సరదాగా ఒక మాట అనడంలో ఉన్న ఆనందం ఎవరూ పాడు చేసుకోకూడదు. పైగా, ఆ సరదా మాటలోనే ఎంత వివేకం ఉందో ఇంతసేపూ చెప్పుకున్నాం. ఒకే ఏడాదిలో ఒకే నటిని నాలుగు రకాల మనుషులుగా నమ్మగలిగినవాడు, భార్యాభర్తలను అన్నాచెల్లెళ్ళుగా ఒప్పుకోగలిగినవాడు, నచ్చిన నాయికను పక్కన పెట్టి రెండో నాయికకు మార్కులు వేయగలిగినవాడు మామూలు ప్రేక్షకుడు. అతన్ని "మాస్" అని తీసిపారేసేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి.

కాకపోతే ఇప్పుడు మన మాటకు కాళ్ళు ఎక్కువయ్యాయి. ఒకప్పుడు "లావైపోయింది" అన్న మాట హాలు గుమ్మం నుంచి టీ కొట్టుదాకా, మహా అయితే ఊరి చివరిదాకా వెళ్ళేది. ఇప్పుడు అది ఇంటర్వెల్లోనే ఫోనులో ఎక్కి, బొమ్మ పూర్తి కాకముందే ఆ నటి కళ్ళబడుతుంది. కాబట్టి మాట అనేముందు మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: నేను చెబుతున్నది బొమ్మ గురించా, మనిషి ఒంటి గురించా? మొదటిది అయితే ఎంత కటువుగానైనా చెప్పండి. "రెండో సగం సాగదీశారు", "ఆ ఏడుపు నాకు అతకలేదు", "ఆ వేషానికి ఆమె సరిపోలేదు, ఇదిగో ఇందుకు" అని చెప్పండి. టికెట్టు కొన్న ప్రతివాడికీ ఆ హక్కుంది. రెండోది అయితే అది మన టికెట్టుతో రాలేదు.

ఇంకో చిన్న పని కూడా ఉంది. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో, నాయనమ్మనో "సావిత్రి బొమ్మల్లో నీకు ఏది ఇష్టం, ఎందుకు?" అని అడిగి చూడండి. "ఏది" అన్నదానికి జవాబు వెంటనే వస్తుంది. "ఎందుకు" అన్నదానికి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ రెండో జవాబులో సావిత్రి కొంత ఉంటుంది, ఆ బొమ్మ ఎవరితో కలిసి చూసిందో, అప్పుడు తన ఇంట్లో ఏం జరుగుతోందో, ఎక్కడ కళ్ళు తుడుచుకుందో, అదంతా మరికొంత ఉంటుంది. ఏ సినిమా పుస్తకంలోనూ అచ్చుకాని సమీక్ష అది. విని, వీలైతే రాసి పెట్టుకోండి.

ఆ తర్వాత ఆమెతో కలిసి ఆ బొమ్మ మొదటి నుంచి చివరిదాకా చూడండి. అప్పుడు ఎవరైనా "బొమ్మ బాగుందా?" అని అడిగితే, జవాబు మీ నోటి నుంచి మీ మాటగానే వస్తుంది.